రక్షణ ఖర్చు తగ్గించాలి, మిత్రదేశాలకిచ్చిన మాట నిలవాలి: కర్నూలులో ఒక వ్యాసరచన క్లాసుపై నా రివ్యూ

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఒకటి ఎందుకు తగ్గించానో కూడా వివరంగా రాస్తా. నడిపేవాళ్లు తలుచుకుంటే నెల తిరక్కుండా సరిచేసుకోగల లోపాలే అవి.

నేను రక్షణ శాఖ లెక్కల విభాగంలో ఆడిటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. సైన్యానికి వచ్చిన బియ్యం బిల్లు మొదలుకొని లారీ టైర్ల బిల్లు దాకా ఏది ఏ పద్దు కింద పాసవ్వాలో చూడటమే నా ఉద్యోగం. ఇప్పుడు కర్నూలు సి-క్యాంపులో ఉంటున్నాం. మనవరాలు సివిల్స్‌కి చదువుతోంది. ఆదివారాలు ఆ పిల్లని వెంకటరమణ కాలనీలో ఒక వ్యాసరచన క్లాసుకి దింపడానికి వెళ్తుంటే, అక్కడి మేడమ్ “మీరూ కూర్చోండి సార్, లెక్కలు తెలిసినవాళ్లు ఉంటే మాకూ మంచిది” అన్నారు. అట్లా వెనక బెంచీ నాదైంది. ఆమె ప్రకటనలు వద్దనుకునే మనిషి. అందుకే పేరు రాయడం లేదు.

వసతుల సంగతి త్వరగా చెప్పేస్తా. మేడ మీద గది, మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం బ్యాచీకి మాత్రం వెళ్లకండి, రేకుల వేడి తట్టుకోలేరు. కింద బండ్లు పెట్టుకోవడానికి చోటుంది. పొద్దున బ్యాచీ మధ్యలో పావుగంట విరామమిస్తారు, సందు చివర ఉగ్గాని బజ్జీ దొరుకుతుంది.

ఇక పాఠం. ఒక్కో అంశాన్ని వరుసగా కొన్ని ఆదివారాలు నడుపుతారు. నేను కూర్చున్న అంశం: మిత్రదేశాలకిచ్చిన సైనిక హామీలు నిలబెట్టుకుంటూనే ఒక దేశం తన రక్షణ వ్యయాన్ని తగ్గించుకోగలదా? మామూలుగా కోచింగుల్లో ఇట్లాంటి అంశానికి అరగంట కేటాయిస్తారు. అభివృద్ధీ కావాలి, భద్రతా కావాలి, సమతుల్యం అవసరం అని పది వాక్యాలు రాయిస్తారు. ఆ వ్యాసాలు నేను చదివాను. వాటిలో ఒక్క పద్దు పేరు ఉండదు. ఏ ఖర్చు, ఎంత, ఎవరికి నష్టం అన్న ప్రశ్న రాదు. ఈ క్లాసు మొదలవడమే ఆ ప్రశ్నతో మొదలవుతుంది.

మేడమ్ ఒక ఊహా దేశాన్ని బోర్డు మీద పెట్టారు. దాని రక్షణ బడ్జెట్ వంద రూపాయలు అనుకోమన్నారు. అందులో పది కోయాలి. ఆ దేశం కూటమికి కొన్ని మాటలిచ్చి ఉంది. యుద్ధం వస్తే ముప్పై రోజుల్లో ఒక బ్రిగేడ్ (కొన్ని వేల మంది సైనికుల దళం) సరిహద్దు చేర్చాలి. సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడలు రెండు ఇవ్వాలి. ఏడాదిలో నాలుగు నెలలు పొరుగు చిన్నదేశం ఆకాశానికి కాపలా కాయాలి. ఉమ్మడి నిధికి వాటా కట్టాలి. పిల్లల్ని ఆర్థికమంత్రి, రక్షణమంత్రి, విదేశాంగమంత్రి అని విడదీసి, ఒకరిని మిత్రదేశం రాయబారిగా కూర్చోబెట్టారు. కోత ప్రతిపాదన ఏదైనా చీటీ మీద రాసి రాయబారికివ్వాలి. రాయబారి అడిగేది ఒకటే మాట: “దీనివల్ల ఆ రోజు మాకు రాకుండా పోయేదేంది?” జవాబు చెప్పలేకపోతే చీటీ వెనక్కి వస్తుంది.

ఈ అభ్యాసం కోసమే ఈ క్లాసుకి డబ్బు కట్టవచ్చని నా అభిప్రాయం.

మొదటి రౌండులో ఏం జరిగిందో చెబుతా. అందరూ ఒకే చోట చెయ్యి పెట్టారు. శిక్షణకి వాడే ఇంధనం, విడిభాగాలు, మరమ్మతులు. జీతాలు కోయలేరు, పింఛన్లు కోయలేరు, కొన్న విమానానికి కట్టాల్సిన వాయిదా ఒప్పందం ప్రకారం కట్టి తీరాలి. మిగిలేది ఇదే. సరిగ్గా ఇట్లాగే జరుగుతుంది నిజం ఆఫీసుల్లో కూడా. కోత ఆదేశం వచ్చిందంటే ఎవరూ అరవని పద్దు మీదే పడుతుంది. గోదాములో విడిభాగం తక్కువైతే ధర్నా చేసేవాళ్లుండరు, పేపర్లో రాదు.

రాయబారిగా కూర్చున్నది పత్తికొండ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, రైతు బిడ్డ. చీటీ చూసి, “బోరుంది, మోటరుంది, కరెంటు బిల్లు కట్టల్యా. చేనికి నీళ్లెట్ల వస్తాయన్నా?” అని వెనక్కిచ్చేశాడు. ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను. మేడమ్ అక్కడే జర్మనీ ఉదాహరణ తీశారు. 2017 చివర్లో జర్మనీ నౌకాదళానికున్న ఆరు జలాంతర్గాములూ ఒకేసారి పనిచేయని స్థితిలో ఉన్నాయి. విడిభాగాల కొరత అందులో పెద్ద కారణం. కాగితం మీద ఆరు, సముద్రంలో సున్నా. మిత్రదేశానికి అక్కరకొచ్చేది ఆ రెండో అంకె.

రెండో ఆదివారం శాతాల మీద. ఇది నాకు బాగా నచ్చిన పాఠం. అమెరికా, కెనడా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో 1949లో ఏ ఒప్పందంతో పుట్టిందో, అందులో ఎవరెంత ఖర్చు పెట్టాలని ఎక్కడా లేదు. ఐదో అధికరణం ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అంటుంది, కానీ ప్రతి దేశమూ తాను అవసరమనుకున్న చర్య తీసుకుంటుందనే రాసుకున్నారు. మూడో అధికరణం ఎవరి సామర్థ్యం వాళ్లు పెంచుకోవాలంటుంది. స్థూల దేశీయోత్పత్తిలో 2 శాతం అన్న లక్ష్యాన్ని 2014లో వేల్స్ సమావేశంలో పెట్టుకున్నారు. అప్పటికి ఆ గీత దాటినవి అమెరికా, బ్రిటన్, గ్రీసు మాత్రమే. 2025 జూన్‌లో హేగ్‌లో దాన్ని 2035 నాటికి 5 శాతానికి పెంచారు, అందులో 3.5 అసలు రక్షణకి, 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ వంటి అనుబంధ ఖర్చులకి. ఇవన్నీ రాజకీయ ప్రతిజ్ఞలు, ఒప్పందంలోని షరతులు కావు.

ఇక్కడ మేడమ్ గ్రీసు కథ చెప్పారు. 2008 తర్వాత అప్పుల సంక్షోభంలో గ్రీసు సైనిక వ్యయాన్ని భారీగా కోసింది. అయినా 2 శాతం కింద పడలేదు, ఎందుకంటే దేశం ఉత్పత్తే దాదాపు పావు వంతు కుంగిపోయింది. హారం తగ్గితే భాగఫలం నిలబడుతుంది. శాతాన్ని బట్టి ఒక దేశం మాట నిలబెట్టుకుందా లేదా తేల్చడం ఎంత తప్పో పిల్లలకి ఆ ఒక్క ఉదాహరణతో తెలిసింది. ముప్పై ఏళ్లకి పైగా పద్దులు చూసిన నాకు ఆ మాట తరగతి గదిలో వినడం చాలా సంతోషం కలిగించింది.

ఇంకో వైపు ఐస్‌లాండ్. నాటో వ్యవస్థాపక దేశాల్లో ఒకటి, సొంత సైన్యమే లేదు. అది ఇచ్చేది చోటు: కెఫ్లావిక్ స్థావరం, తీరరక్షక దళం, అట్లాంటిక్ మధ్యలో చూపు. దాని ఆకాశానికి మిత్రులు వంతులవారీగా వచ్చి కాపలా కాస్తారు. బాల్టిక్ దేశాలకీ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) 2004 నుంచి అంతే. జపాన్ 1976లో రక్షణ ఖర్చు జాతీయోత్పత్తిలో 1 శాతం దాటకూడదని నియమం పెట్టుకుని, 1978 నుంచి తన నేల మీదున్న అమెరికా స్థావరాల ఖర్చులో భాగం భరిస్తూ వచ్చింది. 1987లో ఆ గీత తీసేశారు. 2022 చివర్లో 2 శాతానికి పోవాలని నిర్ణయించుకున్నారు. న్యూజీలాండ్ 2001లో యుద్ధవిమానాల దళాన్నే ఎత్తేసింది, ఆస్ట్రేలియాతో ఒప్పందం నిలిచే ఉంది. అదే న్యూజీలాండ్ 1985లో అణ్వస్త్ర సందేహమున్న అమెరికా ఓడని రేవులోకి రానివ్వనందుకు, మరుసటి ఏడాది అమెరికా ఆంజస్ (ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, అమెరికాల రక్షణ ఒప్పందం) కింద ఆ దేశం పట్ల తన బాధ్యతల్ని నిలిపేసింది. ఒక దళం రద్దయితే ఒప్పుకున్న కూటమి, ఒక ఓడని కాదంటే ఒప్పుకోలేదు. ప్రతి కూటమికీ వదులుకోలేనిదంటూ ఏదో ఒకటి ఉంటుంది. కోత మొదలుపెట్టే ముందు అదేదో కనుక్కోవాలి. మనవరాలు తన వ్యాసంలో ఈ మాటనే మొదటి పేరాలో పెట్టుకుంది, మేడమ్ దాని కింద గీత గీశారు.

మూడో ఆదివారం పంచుకోవడం గురించి. హంగరీలోని పాపా స్థావరంలో 12 దేశాలు కలిసి మూడు సీ-17 రవాణా విమానాలు నడుపుతున్నాయి, గంటల లెక్కన వాడుకుంటాయి. ఏ చిన్నదేశమూ ఒంటరిగా అంత పెద్ద విమానం కొనలేదు. బెల్జియం, నెదర్లాండ్స్ నౌకాదళాలు 1990ల నుంచి ఒకే ప్రధాన కార్యాలయం కింద నడుస్తున్నాయి. మాట తగ్గకుండా డబ్బు మిగిలే మార్గమేదైనా ఉందంటే ఇదేనని నేనూ నమ్ముతా. అయితే మేడమ్ అక్కడితో వదల్లేదు, నెదర్లాండ్స్ ట్యాంకుల సంగతీ చెప్పారు. 2011లో ఆ దేశం తన చివరి ట్యాంకు పటాలాల్ని రద్దు చేసింది. తర్వాత జర్మనీ పటాలంలో తమవాళ్లని చేర్చి 18 లెపర్డ్ ట్యాంకులు అద్దెకు తీసుకుంది, ఆ నైపుణ్యం పూర్తిగా చచ్చిపోకుండా. 2025లో మళ్లీ 46 కొత్తవి కొనడానికి సంతకం పెట్టింది.

బ్రిటన్ కథ ఇంకా బాధాకరం. 2010లో నిమ్రాడ్ అనే సముద్ర గస్తీ విమానాన్ని, మూడు వందల కోట్ల పౌండ్లకి పైగా ఖర్చుపెట్టిన తర్వాత, సేవలోకి రాకముందే రద్దు చేశారు. కొన్నేళ్లకే స్కాట్లాండ్ దగ్గర జలాంతర్గామి జాడ వెతకడానికి మిత్రదేశాల విమానాల్ని పిలిపించుకోవాల్సి వచ్చింది. కొత్తవి తొమ్మిది కొనాలని నిర్ణయించి, మొదటిది దేశానికి చేరేసరికి 2020. పదేళ్ల ఖాళీ. ఇనుము మళ్లీ కొనుక్కోవచ్చు. పదేళ్లు ఆ పని చేయని సిబ్బందికి పనితనం తిరిగి రావాలంటే ఇంకెన్నేళ్లు కావాలి? ఈ ఉదాహరణ చెప్పేటప్పుడు గదిలో ఒక్కరూ ఫోను చూడలేదు, అది నేను గమనించాను.

ఇప్పుడు లోపాలు.

మొదటిది, వాళ్లిచ్చే నోట్సులోని దేశాలవారీ పట్టిక. దాంట్లో శాతాలున్నాయి, కానీ ఏ ఏడాదివో లేదు, పింఛన్లు కలిపి లెక్కేశారా లేదా అన్నది లేదు. నాటో లెక్కలో రిటైరైన సైనికుల పింఛన్లు కలుస్తాయి. 2015లో బ్రిటన్ అట్లాంటి కొన్ని పద్దులు కొత్తగా కలుపుకుని 2 శాతం గీత మీద నిలబడిందని వాళ్ల పార్లమెంటులోనే చర్చ జరిగింది. మన దేశం లెక్క పింఛన్లతో ఒకటి, లేకుండా ఒకటి. ఆ వివరం లేని పట్టిక చూసి పరీక్షలో పోలిక రాస్తే మంచి పరీక్షకుడు మార్కులు కోస్తాడు. క్లాసులో శాతాల మీద అంత మంచి పాఠం చెప్పి, చేతికిచ్చే కాగితం ఇట్లా ఉండటం సరికాదు.

రెండోది నాకు మనసుకి తగిలిన విషయం. నోట్సులో పింఛన్లని “భారం” అని ఒక్క మాటలో తేల్చేశారు. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకి 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో పింఛన్లు 1.60 లక్షల కోట్లకి పైమాటే, అంటే 23.6 శాతం. కొత్త ఆయుధాలకీ నిర్మాణాలకీ పోయే పెట్టుబడి వ్యయం 1.80 లక్షల కోట్లు. రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, ఇది దాచాల్సిన విషయం కాదు, పిల్లలకి చెప్పాల్సిందే. కానీ సియాచిన్‌లోనో రాజౌరీలోనో వయసంతా గడిపి ఊరికొచ్చిన జవానుకి ఇచ్చిన మాట అది. మిత్రదేశానికిచ్చిన మాట గురించి నెల రోజులు పాఠం చెప్పుకుని, సొంత సిపాయికిచ్చిన మాటని భారం అంటే ఎట్లా? విరామంలో ఈ మాటే మేడమ్‌తో అన్నాను. ఆమె శ్రద్ధగా విన్నారు, తర్వాతి క్లాసులో నన్నే పది నిమిషాలు మాట్లాడమన్నారు.

అక్కడ నేను చెప్పింది ఇది. పింఛను విధానం మార్చితే మిగులు కనబడేది ఇప్పుడు చేరేవాళ్లు రిటైరయ్యే నాటికి. ఈ ఏడాది కోతకి అది జవాబు కాదు. 2004 జనవరి నుంచి చేరిన కేంద్ర పౌర ఉద్యోగులకి కొత్త పింఛను పద్ధతి వచ్చింది, సైనిక దళాలని దాన్నుంచి మినహాయించారు. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల సేవ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు. దాని ప్రభావం పింఛను పద్దులో తెలియాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది. శిక్షణ పొందినవాళ్లు నాలుగేళ్లకే వెళ్లిపోతే కొత్తవాళ్లకి మళ్లీ శిక్షణ ఖర్చు వేరే పద్దులో వస్తుంది. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దులో ఎక్కడ తేలుతోందో చూడకుండా పొదుపు అనకూడదు. స్థావరాలు మూసినా అంతే. అమెరికా 2005లో మొదలుపెట్టిన స్థావరాల మూసివేతకి ముందు వేసిన అంచనా 2,100 కోట్ల డాలర్లు, చివరికి తేలింది 3,500 కోట్లు. మూయడానికి కూడా డబ్బు కావాలి. నోట్సులో ఈ సంగతి అసలు లేదు. వచ్చే బ్యాచీకైనా చేర్చాలి.

మూడో లోపం భాష. నోట్సు మొత్తం ఇంగ్లిషులోనే. పాఠం తెలుగులో బ్రహ్మాండంగా చెబుతారు. ఆలూరు, ఆదోని, పత్తికొండ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లల్లో తెలుగు మాధ్యమం వాళ్లు చాలామంది. విరామంలో ఉగ్గాని కూడా తినకుండా బోర్డు మీదిది తెలుగులో ఎక్కించుకుంటుంటే చూసి బాధేసింది. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాసుకోవచ్చు. వాళ్లకి ఈ నోట్సు తెలుగులో ఇవ్వడం దయ కాదు, కట్టిన ఫీజుకి దక్కాల్సిన హక్కు.

మన దేశం గురించి ఇంకొంచెం చెప్పాల్సింది. మనకి నాటో లాంటి కూటమి లేదు, నిజమే. కానీ భూటాన్ సైన్యానికి శిక్షణ 1960ల నుంచి మనవాళ్లే ఇస్తున్నారు, 2007లో ఆ దేశంతో ఒప్పందాన్ని తిరగరాసుకున్నాం. ఐరాస శాంతిసేనకి పెద్ద సంఖ్యలో సైనికుల్ని పంపే దేశాల్లో మనం ఒకరం. ఇవీ మాటలే, వీటికీ పద్దులున్నాయి. ఈ భాగాన్ని ఒక్క గంటలో ముగించేశారు.

ఆ గంటలో ఒక్కటి మాత్రం బాగా కుదిరింది. ఓర్వకల్లు మండలం పాలకొలను దగ్గర డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) పరీక్షా క్షేత్రం ఉందని మనవాళ్లకి తెలుసు. 2025 ఏప్రిల్ 13న అక్కడ లేజర్ కిరణంతో డ్రోన్లని కూల్చే ఆయుధాన్ని పరీక్షించారు, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని పరీక్షించారు. క్లాసులో ఓర్వకల్లు అమ్మాయి ఒకరు లేచి, “మా ఊరి దగ్గరే మేడమ్, ఒక్కసారి కాలిస్తే రెండు లీటర్ల పెట్రోలు ఖర్చంట” అంది. కొన్ని సెకన్లు ప్రయోగించడానికి అంతే అవుతుందని ప్రభుత్వమే చెప్పింది. చౌక డ్రోన్‌ని కూల్చడానికి ఖరీదైన క్షిపణి వదలడం ఈ రోజుల్లో సైన్యాలన్నిటికీ పెద్ద సమస్య, కాబట్టి ఆ అమ్మాయి పట్టుకున్న పాయింటు గట్టిది. మేడమ్ వెంటనే పెట్రోలు ఖర్చు ఒక పద్దు, ఆ యంత్రం తయారీ ఖర్చు ఇంకో పద్దు అని బోర్డు మీద రెండు గడులు గీశారు. తన ఊరి పేరు బోర్డు మీద చూసి ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. ఇట్లాంటివి ప్రతి క్లాసులో ఉండాలి.

ఎవరు చేరాలి? సివిల్స్, గ్రూప్-1 రాసేవాళ్లు తప్పకుండా. సీడీఎస్ (సైనిక అధికారుల ఎంపిక పరీక్ష) ఇంటర్వ్యూకి తయారయ్యేవాళ్లకీ పనికొస్తుంది, ఎందుకంటే అభిప్రాయం అడిగితే లెక్కతో చెప్పడం వస్తుంది. కంఠస్థం చేసే పాయింట్లు కావాలనుకునేవాళ్లు వెళ్లొద్దు, నిరాశపడతారు. రాసిన వ్యాసం దిద్ది ఇవ్వడానికి వారం పడుతుంది, కానీ అంచుల్లో ఎర్ర సిరాతో నిండుగా రాసి ఇస్తారు. ఫీజు ఒక్కో అంశానికి పదిహేను వందలు, ఆడపిల్లలకి కొంత తగ్గిస్తున్నారు. డెమో క్లాసు ఉచితం.

చేరబోయేవాళ్లకి ఒక సలహా. కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖవి నాలుగు డిమాండ్లు (నిధుల కోసం పార్లమెంటు ముందు పెట్టే పద్దులు) ఉంటాయి, 19 నుంచి 22 దాకా: పౌర విభాగం, రెవెన్యూ (రోజువారీ ఖర్చు), పెట్టుబడి, పింఛన్లు. బడ్జెట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మొదటి ఆదివారానికి ముందే అవి ప్రింటు తీసుకుని ఒకసారి తిరగేసి వెళ్లండి. చీటీ మీద ఏం కోయాలో రాసేటప్పుడు ఆ కాగితాలు పక్కనుంటే రాయబారికి జవాబు చెప్పడం సులువవుతుంది.